వెయ్యి పర్యాయపదాలు బట్టీ పట్టినా పరీక్షలో తప్పులెందుకు? గుణుపూర్ తల్లికి జవాబు

అమ్మా, ఒడిశాలోని గుణుపూర్ నుంచి మీరు పంపిన ప్రశ్న రెండుసార్లు చదివాను. బాబు అయిదో తరగతి. బడిలో చదువు ఒడియా, ఇంట్లో మాట తెలుగు. తెలుగు చదవడం, రాయడం నాన్నమ్మ నేర్పింది. నవోదయకూ, వీలైతే సైనిక్ స్కూల్‌కూ రాయించాలని మీ కోరిక. ఎవరో ఇచ్చిన వెయ్యి పర్యాయపదాల పీడీఎఫ్ ప్రింట్ తీయించి రోజుకు 50 చొప్పున బట్టీ పట్టిస్తున్నారు. అడిగితే గడగడా అప్పజెబుతున్నాడు. మాదిరి పేపర్ పెడితే మాత్రం అర్థాల ప్రశ్నల్లో సగం తప్పు, ఆపైన ఏడుపు. 'నాలుగు నెలలే ఉంది, ఇంకా ఎన్ని పదాలు నేర్పించాలి మాస్టారూ' అని అడిగారు.

ఈ వారం ఒక్క కొత్త పదం కూడా నేర్పించకండి. బాబు ఇప్పటిదాకా రాసిన మూడు నాలుగు మాదిరి పేపర్లు ముందు పెట్టుకుని, తప్పు పోయిన ప్రతి అర్థం ప్రశ్న దగ్గరా వాణ్ణే అడగండి: 'నాన్నా, ఇది ఎందుకు పెట్టావు?' కోపంగా అడగొద్దు, తెలుసుకోవడానికి అడగండి. వాడు చెప్పిన కారణం ఆ ప్రశ్న పక్కనే వాడి మాటల్లోనే రాయండి. పర్లాకిమిడిలో నేను పాతికేళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పాను. రిటైరయ్యాక కూడా సాయంత్రాలు మా అరుగు మీద ఈ పరీక్షలకు వెళ్లే పిల్లలు కూర్చుంటారు. 'ఈ పదం నాకు తెలీదు' అని పోగొట్టుకునే మార్కుల కన్నా, తెలిసిన పదం దగ్గర పోగొట్టుకునే మార్కులే ఎక్కువని ఇన్నేళ్లలో చూశాను. మీ బాబు సంగతి కూడా అదే అయివుంటుందని నా నమ్మకం. గడగడా అప్పజెప్పేవాడికి పదాలు కరువు కాదు కదా.

మొదట పరీక్షలో ఏం అడుగుతారో చూద్దాం. నవోదయ ఆరో తరగతి పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. అందులో భాషకు 20 ప్రశ్నలు, 25 మార్కులు, 30 నిమిషాలు. ఈ 20 ప్రశ్నలూ నాలుగు పేరాల కింద అయిదేసి చొప్పున వస్తాయి. అంటే అక్కడ పర్యాయపదాలకు వేరే విభాగమంటూ లేదు. పేరాలో ఒక పదాన్ని పట్టుకుని, ఇక్కడ దీని అర్థమేమిటి అని అడుగుతారు. సైనిక్ స్కూల్ ఆరో తరగతి పరీక్షలో 125 ప్రశ్నలు, 300 మార్కులు, 150 నిమిషాలు. భాషకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. అక్కడ వ్యాకరణంతో పాటు పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు నేరుగా కూడా అడుగుతారు. రెండు పరీక్షల్లోనూ తప్పుకు మార్కు కోయరు. వీటికి వెయ్యి పదాల జాబితా ఎందుకు చాలదో ఒక పేరా చూపిస్తాను. ఇది నేను పిల్లల కోసం రాసుకున్నదే.

'ఆ ఏడు వంశధారకు వరద వచ్చింది. పొట్టకొచ్చిన వరి నీటి పాలైంది. అప్పు తీర్చే తోవ లేక సోమయ్య కుదేలైపోయాడు. అయినా ఊరు విడిచి వెళ్లలేదు. మరుసటి వానాకాలం మళ్లీ నారు పోశాడు.'

మొదటి ప్రశ్న: 'ఏడు' అంటే ఇక్కడ ఏమిటి? ఒక సంఖ్య, వారం, సంవత్సరం, ఏడుపు. వెయ్యి పదాలు బట్టీ పట్టిన పిల్లవాడు 'సంఖ్య' దగ్గర చుక్క నింపేస్తాడు. ఏడు అంటే సంఖ్య అని వాడికి ఒకటో తరగతి నుంచీ తెలుసు, అందుకే వాక్యం దాకా వెళ్లడు. అదే పిల్లవాణ్ణి 'ఆ సంఖ్య వంశధారకు వరద వచ్చింది' అని పైకి చదవమనండి. వాడే నవ్వేసి దిద్దుకుంటాడు. రెండో ప్రశ్న: 'కుదేలైపోయాడు' అంటే? కోపగించాడు, కుంగిపోయాడు, పారిపోయాడు, కుదురుకున్నాడు. ఈ పదం వాడికి తెలియకపోవచ్చు. ముందు అప్పు తీర్చే దారి లేదన్నారు, తరువాత 'అయినా ఊరు విడిచి వెళ్లలేదు' అన్నారు. ఆ 'అయినా' అన్న చిన్న మాటే జవాబు చెబుతోంది. 'పారిపోయాడు, అయినా ఊరు విడిచి వెళ్లలేదు' అంటే పొసగదు. 'కుదురుకున్నాడు' అంటే 'అయినా' అనాల్సిన పని లేదు, పైగా 'కుదేలు', 'కుదురు' రెండూ 'కు' తో మొదలై, వెంటనే 'ద' గుణింతం వస్తుంది కాబట్టి కళ్లను లాగడానికే అది పెట్టారు. అప్పు తీరకపోతే మనిషి కోపగించడం కన్నా కుంగిపోవడమే సహజం. తెలియని పదానికి కూడా ఇలా అర్థం రాబట్టొచ్చని ఒకసారి రుచి చూస్తే పిల్లవాడికి భయం సగం పోతుంది.

దీన్ని మా అరుగు మీద 'పెట్టి చదవడం' అంటాం. జవాబు అనుకున్న పదాన్ని ఆ వాక్యంలో అదే చోట పెట్టి, వాక్యమంతా మళ్లీ చదవాలి. నోరు తడబడితే ఆ పదం కాదు. 'సంతోషించాడు' అన్న చోట 'ఆనందం' పెడితే వాక్యం విరిగిపోతుంది, 'ఆనందపడ్డాడు' పెడితే నిలుస్తుంది. ఇంట్లో నెల రోజులు పైకి చదివిస్తే, తరువాత పరీక్ష హాల్లో పెదవులు కదపకుండానే చదువుకుంటాడు. ఒక్క పదమే ఇచ్చి వాక్యం లేకుండా అడిగినప్పుడు కూడా ఇదే పని: వాడే ఒక చిన్న వాక్యం మనసులో అనుకుని, అందులో నాలుగు పదాలూ పెట్టి చూడాలి.

ఇక ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని మన పిల్లల అసలు కష్టం. బరంపురంలోనో, రాయగడలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులు కూడా దీన్ని గమనించాలి. తెలుగు, ఒడియా రెండూ సంస్కృతం నుంచి బోలెడు మాటలు తెచ్చుకున్నాయి. మాట ఒకటే, రెండు చోట్లా స్థిరపడిన అర్థం వేరు. ఒకసారి మా దగ్గర ఒక పాపకు 'శిక్ష' అనే పదం ఇచ్చి చదువు, దండన, రక్షణ, భిక్ష అని నాలుగు జవాబులు పెట్టాను. అది తరగతిలో అందరికన్నా చురుకైన పిల్ల. తడుముకోకుండా 'చదువు' పెట్టింది. ఎందుకమ్మా అంటే, 'మా స్కూల్లో టీచర్‌ని శిక్షక అంటారు కదా మాస్టారూ' అంది. దాని తప్పేముంది? ఒడియాలో శిక్షా అంటే చదువే. తెలుగులో 'శిక్షణ' అన్నప్పుడు మనకూ ఆ అర్థం మిగిలింది గాని, 'శిక్ష' అంటే మాత్రం దండనే. ఆ రోజు నుంచి పిల్లల చేత ఒక నోట్సు విడిగా పెట్టిస్తున్నాను. పేజీ మధ్యలో గీత, ఎడమవైపు తెలుగు అర్థం, కుడివైపు ఒడియా అర్థం.

మీరూ పెట్టించండి. మొదలుపెట్టడానికి కొన్ని ఇస్తాను. వ్యవసాయం మనకు సేద్యం, ఒడియాలో బ్యబసాయ అంటే వ్యాపారం. రాగం మనకు పాటలో ఉంటుంది, లేదంటే అనురాగం. ఒడియాలో రాగ అంటే కోపం. చరిత్ర మనకు గడిచిన కాలం కథ, వాళ్లకు మనిషి నడవడిక. ఉపన్యాసం మనకు సభలో ఇచ్చే ప్రసంగం, వాళ్లకు నవల. ఆలోచన మనకు మనసులో జరిగేది, వాళ్లకు ఆలోచనా అంటే నలుగురూ కూర్చుని చేసే చర్చ. పరామర్శ అంటే మనం కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లి పలకరించి రావడం, వాళ్లకు సలహా. అనుమానం మనకు సందేహం, వాళ్లకు అంచనా. చేష్ట అంటే మనం కాస్త చిన్నచూపుగా అంటాం, 'వాడి చేష్టలు చూడు' అని. వాళ్లకు చేష్టా అంటే ప్రయత్నం. అవకాశం మనకు వీలు, వాళ్లకు తీరిక. అభిమానం మనకు ఇష్టం, లేదా పౌరుషం. వాళ్లకు అయినవాళ్ల మీద వచ్చే అలక. ఇందులో ఒక్కొక్క మాటా పరీక్షలో ఎరగా పనికొస్తుంది. ప్రశ్న తయారుచేసినవాళ్లు ఒడియా పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని చేయకపోయినా, మనవాడు తనంతట తాను ఆ గోతిలో పడతాడు.

ఈ నోట్సు చూసి, ఒడియా వల్ల తెలుగు పాడవుతోంది అని మాత్రం అనుకోకండి. రెండు భాషల పిల్లవాడికి ఉన్న సొత్తు ఒక భాష పిల్లవాడికి ఉండదు. జలం, వృక్షం, మిత్రుడు, గృహం, మార్గం లాంటి మాటలు వాడు బడిలో రోజూ వింటున్నాడు, మన వైపు ఒక భాష పిల్లలు వాటిని బట్టీ పట్టాలి. ఒడియాలో ద, ధ తేడా, బ, భ తేడా నోటితో స్పష్టంగా పలికిస్తారు. మన వాడుక మాటలో ఆ ఒత్తులు జారిపోతాయి. శ, ష, స మాత్రం ఒడియాలో దాదాపు అన్నీ 'స' గానే పలుకుతారు, మన ఊళ్లలో పెద్దవాళ్లూ అలాగే అంటారు. అందువల్ల మీ బాబుకు ఒత్తుల దగ్గర మేలు, స-శ దగ్గర కష్టం. శకలం అంటే ముక్క, సకలం అంటే అంతా. చెవికి రెండూ ఒకటే, కంటికి వేరు. ఈ జంటను ఒకసారి తెలుగులో రాయించి చూడండి, నేను చెప్పేది మీకే తెలుస్తుంది.

ఒక అక్షరంతో, ఒక దీర్ఘంతో మారిపోయే జంటలు ఇంకా ఉన్నాయి. అనలం నిప్పు, అనిలం గాలి. ప్రసాదం గుళ్లో పెట్టేది, ప్రాసాదం రాజు ఉండే మేడ. సుతుడు కొడుకు, సూతుడు రథం తోలేవాడు. దినం రోజు, దీనం జాలిగొలిపేది. వీటిని జంటగానే నేర్పాలి, ఒకటి సోమవారం, ఒకటి శుక్రవారం చెబితే కలిసిపోతాయి. అనలం, అనిలం దగ్గర మా పిల్లలకు నేను చెప్పే గుర్తు ఇది: గాలికి గుడి ఉంది, నిప్పుకు గుడి లేదు. అనిలంలో 'ని' మీద గుడి ఉంటుంది కదా, అంతే. చిన్న గుర్తే గాని ఇప్పటికీ కాలేజీకి వెళ్లిన పిల్లలు కనిపిస్తే చెబుతుంటారు.

బట్టీ పట్టే బరువు తగ్గించే ఉపాయం ఇంకొకటి ఉంది. అది మన భాషలోనే ఉంది. నాకు చాలా ఇష్టమైనది కాబట్టి కాస్త విస్తరంగా చెబుతాను. నీటికి అయిదు పేర్లు తీసుకోండి: జలం, వారి, నీరం, అంబువు, తోయం. ఈ అయిదింటి చివర 'జం' చేర్చండి. జం అంటే పుట్టినది. జలజం, వారిజం, నీరజం, అంబుజం, తోయజం, అన్నీ తామరే. నీటిలో పుట్టింది కాబట్టి. ఇప్పుడు 'దం' చేర్చండి. దం అంటే ఇచ్చేది. జలదం, వారిదం, నీరదం, అంబుదం, తోయదం, అన్నీ మేఘమే. నీటిని ఇస్తుంది కాబట్టి. ఇక 'ధి' చేర్చండి. ధి అంటే దాచుకునే చోటు. జలధి, వారిధి, నీరధి, అంబుధి, తోయధి, అన్నీ సముద్రమే. అయిదు నీళ్లు, మూడు తోకలు, పదిహేను మాటలు. ఏ ఒక్కటీ బట్టీ పట్టలేదు. పలక మీద ఒక గడుల పట్టిక గీసి, పైన తామర, మేఘం, సముద్రం బొమ్మలు వేయించి, పక్కన నీటి పేర్లు రాయించి, గడులు బాబునే నింపమనండి. పదో గడి దగ్గరికి వచ్చేసరికి మీరు చెప్పకుండానే చెబుతాడు. ఇక్కడే ఒత్తు సంగతి మళ్లీ వస్తుంది: 'దం' లో ఒత్తు లేదు, 'ధి' లో ఉంది. జలధరం అన్నా మేఘమే, అక్కడ ధరం అంటే మోసేది. అది పట్టిక బాగా వచ్చాక చెప్పండి, ముందే చెబితే గందరగోళం.

నేలకూ ఇలాగే ఉంది. భూ, మహీ అన్నా నేలే. ధరం మోసేది, కాబట్టి భూధరం, మహీధరం కొండ. పతి ఏలేవాడు, కాబట్టి భూపతి, మహీపతి రాజు. రుహం మొలిచేది, కాబట్టి భూరుహం, మహీరుహం చెట్టు. పాదాలతో అంటే వేళ్లతో తాగేది పాదపం, అదీ చెట్టే. ఆకాశంలో వెళ్లేది ఖగం, పక్షి. రొమ్ముతో పాకేది ఉరగం, పాము. పదం లోపల ఒక చిన్న కథ ఉందని తెలిసిన పిల్లవాడు, కొత్త పదం ఎదురైతే బెదిరిపోకుండా దాన్ని విప్పి చూస్తాడు.

అచ్చ తెలుగు మాటలకు ఈ ఉపాయం నడవదు. అక్కడ నాన్నమ్మే గురువు. మన వైపు 'బేగి రా' అంటాం. బేగి, వేగిరం, త్వరగా, శీఘ్రంగా అని నాలుగు మెట్లు ఎక్కించండి. 'గెడ్డ' అంటాం, దాని పక్కన వాగు, ఏరు రాయించండి. 'అగ్గి' అంటే అగ్ని, 'పక్కి' అంటే పక్షి, 'సంద్రం' అంటే సముద్రం అని చెబితే ప్రకృతి వికృతులూ అక్కడే వచ్చేస్తాయి. ఇంటి మాట పరీక్షకు పనికిరాదని కొందరు పిల్లల నోరు మూయిస్తారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. గిడుగు రామమూర్తి గారు ఇదే పర్లాకిమిడిలో బడిలో చదువు చెబుతూ, కొండల్లో సవర గిరిజనులు మాట్లాడే భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. తెలుగులోనూ జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని జీవితాంతం పోరాడారు. ఆయన తిరిగిన ఊరి పక్క పిల్లలం మనం, గెడ్డ అన్న మాటకు సిగ్గుపడక్కర్లేదు. దాని పక్కన 'వాగు' కూడా తెలిసి ఉంటే చాలు.

అర్థం ఒకటే అయినా బరువు వేరుగా ఉండే మాటలు ఇంకో చిక్కు. అలక, కోపం, ఆగ్రహం. పాప బొమ్మ కొనివ్వలేదని అలుగుతుంది, ఆగ్రహించదు. తుంపర, జల్లు, కుండపోత అన్నీ వానే, కుండపోతకు జవాబుగా తుంపర పెడితే తప్పు. రెండు జవాబులూ సరైనవే అనిపించినప్పుడు బరువు సరిపోయేది పెట్టాలి. ఇవి పుస్తకంలో నేర్పడం కష్టం, వాన పడుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి నేర్పండి.

ఇప్పుడు రోజువారీ పని. రోజుకు 50 పదాలు మానేయండి. 8 చాలు. వారంలో ఆరు రోజులు అంటే 48. పన్నెండు వారాల్లో 576. చివరి నెల కొత్తవి వద్దు, పాతవి తిప్పడమే. ఎనిమిది పదాలకూ ఎనిమిది చీటీలు. చీటీకి ఒకవైపు పదం రాయండి. రెండోవైపు అర్థం రాయొద్దు, ఆ పదంతో బాబు సొంతంగా చెప్పిన వాక్యం రాయండి. 'తరువు' కు మీవాడు 'మా పెరట్లో తరువు కింద తాత పడుకుంటాడు' అన్నాడనుకోండి, అదే రాయండి. ఇవాళ నేర్చిన చీటీ రేపు ఒకసారి, మూడో రోజు ఒకసారి, ఆదివారం ఒకసారి చూడాలి. ఆదివారం కూడా చెప్పగలిగితే ఆ చీటీ ఒక డబ్బాలో వేసి నెలకోసారి తీయండి. చెప్పలేకపోతే మళ్లీ సోమవారం కట్టలో కలపండి. మొత్తం ఇరవై నిమిషాల పని. అన్నం తినే ముందు పెట్టుకుంటే, ఆకలి మీద గబగబా అయిపోతుంది.

వారంలో రెండు రోజులు ఒక ఆట ఆడించండి. నా దగ్గర బాగా పనిచేసినది ఇదే. బాబునే ప్రశ్న తయారుచేయమనండి. పదం వాడే ఎంచుకోవాలి, సరైన జవాబు ఒకటి, మిమ్మల్ని మోసం చేసే తప్పు జవాబులు మూడు. మొదట్లో ఏవో సంబంధం లేని పదాలు పెడతాడు, మీరు వెంటనే పట్టేస్తారు. 'నన్ను పడగొట్టలేకపోయావు' అనండి. రెండో వారానికి వాడికే తెలిసివస్తుంది: ఒక తప్పు జవాబు వ్యతిరేక పదం పెట్టాలి, ఒకటి అలాగే వినిపించే పదం పెట్టాలి, ఒకటి దానికి సంబంధించినదే గాని అదే కాని పదం పెట్టాలి. చెట్టుకు 'ఆకు' పెట్టినట్టు. ఎర వేయడం నేర్చినవాడు ఎర పట్టుకుంటాడు. పరీక్షలో నాలుగు జవాబులు చూడగానే, ఇది వ్యతిరేకం, ఇది ఒడియా అర్థం, ఇది అక్షరం మార్చింది అని కొట్టేయడం వాడికి అలవాటవుతుంది.

మీరు అడగలేదు గాని ఒక మాట చెప్పాలి. అప్లికేషన్‌లో ఏ భాష పెట్టారు, లేదా పెట్టబోతున్నారు? నవోదయ నోటిఫికేషన్‌లో రాష్ట్రాల వారీగా ఏయే భాషల్లో పేపర్ ఇస్తారో ఉంటుంది, ముందు మీ రాష్ట్రం దగ్గర ఏముందో చూసుకోండి. ఎంచుకున్న భాషలోనే లెక్కలు కూడా వస్తాయి. ఇంట్లో మాట తెలుగు కాబట్టి తెలుగే అని పెట్టేయకండి. ఒక సాయంత్రం బాబు చేత తెలుగులో ఒక పేజీ, ఒడియాలో ఒక పేజీ చదివించి, గడియారం చూడండి, తరువాత చదివినదాని మీద అయిదేసి ప్రశ్నలు అడగండి. ఏది వేగంగా, తప్పుల్లేకుండా వచ్చిందో ఆ భాష పెట్టండి. అది ఒడియా అయితే ఒడియాయే పెట్టండి, తెలుగు ఎక్కడికీ పోదు. లెక్కల దగ్గర కూడా గోతులున్నాయి. ఒడియాలో గ.సా.గు. అంటే మన గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం). వాళ్ల ల.సా.గు. అంటే మన క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం). చివర 'సా.గు.' అని చూసి క.సా.గు. కు గ.సా.గు. లెక్క చేసి వచ్చిన పిల్లవాణ్ణి నేనే చూశాను. పాపం, లెక్క పూర్తిగా వచ్చు వాడికి. తెలుగు పెట్టాలని నిర్ణయిస్తే, ఈ లెక్కల మాటలు కూడా ఆ గీత గీసిన నోట్సులో ఎక్కించండి.

సైనిక్ స్కూల్‌కు ఇంగ్లిష్ మీడియం పెట్టే ఆలోచన ఉంటే పద్ధతి ఇదే. గోతి మాత్రం వేరు, అక్కడ తెలుగే గొయ్యి తవ్వుతుంది. 'టాల్', 'హై' రెండింటికీ మనం 'ఎత్తు' అంటాం. మనిషికి టాల్ అంటారు, హై అనరు. తెలుగు అర్థం రాసుకుని నేర్చినవాడికి ఈ తేడా తెలియదు, అక్కడ కూడా వాక్యమే దిక్కు.

పరీక్ష రోజు భాష విభాగానికి 30 నిమిషాలు, నాలుగు పేరాలు. ఒక్కో పేరాకు ఏడు నిమిషాలు పెట్టుకుంటే రెండు నిమిషాలు మిగులుతాయి. ముందు ప్రశ్నలు ఒకసారి చూసి, తరువాత పేరా చదవడం కొందరు పిల్లలకు నప్పుతుంది, కొందరికి నప్పదు. రెండు రకాలా ఇంట్లో చేయించి చూడండి, వాడికి ఏది సుఖంగా ఉందో అదే. అర్థం ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం ఆ పదం ఉన్న వాక్యం, దాని ముందు వాక్యం, వెనక వాక్యం మళ్లీ చదవాలి. ఇది తప్పకుండా చేయించండి. మార్కులు కోయరు కాబట్టి ఏ చుక్కనూ ఖాళీగా వదలకూడదు. తెలియకపోతే రెండు తప్పు జవాబులు కొట్టేసి, మిగిలిన రెండింట్లో పెట్టి చదివి ఒకటి నింపాలి. చుక్కలు నింపడం కూడా ఇంట్లో పెన్నుతో చేయించండి. పెన్సిల్ అలవాటైతే అక్కడ చెరపలేక టెన్షన్ పడతారు.

ఏడుపు సంగతి రాశారు. వాడు పదేళ్ల పిల్లవాడు. పేపర్ దిద్దేటప్పుడు ఎర్ర పెన్ను పక్కన పెట్టండి, కొన్నాళ్లు మార్కులు కూడా లెక్కపెట్టొద్దు. 'ఇవాళ ఎన్ని గోతులు దొరికాయి' అని అడగండి. ఒక గొయ్యి దొరికితే నోట్సులో ఎక్కుతుంది, మళ్లీ దాంట్లో పడడు. మా దగ్గర ఒక పిల్లవాడు తన నోట్సు అట్ట మీద 'నేను పడిన గోతులు' అని పెద్ద అక్షరాలతో రాసుకుని, నిండిన కొద్దీ గర్వంగా చూపించేవాడు. మీ అత్తగారిని కూడా ఈ పనిలో కూర్చోబెట్టండి. వాడికి తెలుగు నేర్పిన మనిషి ఆవిడే. చీటీల మీద వాక్యాలు ఆవిడ రాస్తే, వాడు మీ దగ్గర కన్నా ఆవిడ దగ్గర ఎక్కువ చెబుతాడు.

ఈ వారం పాత పేపర్ల తప్పులకు బాబు చెప్పిన కారణాలు రాసిపెట్టుకుని, అందులో ఒడియా అర్థం వల్ల ఎన్ని, అక్షరం చూసుకోక ఎన్ని, వాక్యం చదవక ఎన్ని పోయాయో నాకు రాయండి. ఏది ఎక్కువ ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టేలా మొదటి నెలకు చీటీలు ఎలా కట్టాలో చెబుతాను.